పాదుక పువ్వూ, పేరు లేని పిల్లా

అనగనగా ఒక అడవిలో, పొద్దెక్కినా మంచు వదలని ఒక కొండవాలు మీద, ఒక ముళ్లపంది కుటుంబం ఉండేది. నాన్న పేరు సూదయ్య. అమ్మ పేరు ఈనమ్మ. కొడుకు పేరు కొండలు. కూతురి పేరు... ఆగండాగండి, ఆ పిల్లకి పేరు లేదు. ఎందుకు లేదో చెబుతాను వినండి.

ఆ అడవిలో ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఒక పాదుక పువ్వు మొక్క పెంచేవారు. ఆర్కిడ్లలో అదొక రకం. బుజ్జి మొక్క. మచ్చల ఆకులు నాలుగైదు గుత్తిగా విచ్చుకుంటాయి. గుత్తి మధ్యలోంచి ఒక్క కాడ, కాడ మీద ఒక్క పువ్వు. పువ్వు ముందు భాగం పాపాయి బూటులా బోలుగా ఉంటుంది. ఇంట్లో బిడ్డ పుడితే, తమ ఇంటి పువ్వు పూసిన రోజున ఆ బోలులోకి వంగి బిడ్డ పేరు చెప్పాలి. అప్పుడే పేరు పెట్టినట్టు. పొరుగింటి పువ్వు పనికిరాదు.

కొండలు పుట్టినప్పుడు సూదయ్య ఇంట పువ్వు బ్రహ్మాండంగా పూసింది. ఆ తర్వాత కూతురు పుట్టింది. మొక్క మాత్రం మళ్లీ పూయలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందంటారా? సాయంత్రం పిల్లలంతా గుండ్రంగా నిలబడి ఆడుకునేవారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు మధ్యలోకి గెంతాలి. ఈ పిల్లని ఏమని పిలుస్తారు? పాపం, నిలబడి నిలబడి ఇంటికొచ్చేసేది.

"నాన్నా, నా పువ్వు ఎప్పుడు పూస్తుంది?" అని రోజూ అడిగేది. సూదయ్య మనసు విలవిల్లాడిపోయేది.

"ఒకసారి పూసిన గుత్తి మళ్లీ ఎందుకు పూయదో నేనూ చూస్తాను" అని సూదయ్య పంతం పట్టాడు. మొదట మొక్కని తీసుకెళ్లి మండే ఎండలో పెట్టాడు. ఆకులు కమిలిపోయాయి. తర్వాత దాన్ని చిన్న వెదురు గొట్టంలోంచి తీసి పెద్ద కుండలో నాటాడు. కుండ ఎప్పుడూ తడిగానే ఉండేది. వేళ్లు కుళ్లి వాసన కొట్టాయి.

"ఇంత మొక్కకి అంత కుండెందుకయ్యా? ఏనుగుని పెంచుతున్నావా?" అని ఈనమ్మ చీవాట్లు పెట్టింది. కుళ్లిన వేళ్లు తీసేసి, చెట్టు బెరడు ముక్కలు నింపిన పాత గొట్టంలోనే మొక్కని మళ్లీ నాటి, నీడలో పెట్టింది.

కొన్నాళ్లకి సూదయ్య కంట ఒక మొలక పడింది. పెద్ద గుత్తిని ఆనుకుని, లేత ఆకులు రెండు పైకొచ్చాయి.

"ఓహో, దొరికింది దొంగ! పెద్దదాని తిండంతా ఇదే తినేస్తోంది. నిరుడు ఇలాంటిదే వస్తే గిల్లిపారేశాను. మళ్లీ వచ్చిందే!" అన్నాడు సూదయ్య.

ఆ రోజు అతను అలుగు తాత ఇంటికి వెళ్లాలి. ఒంటినిండా పొలుసులుండే ఆ తాత మనవడికి పేరు పెడుతున్నారు. ఈనమ్మ దుంపలు తవ్వడానికి పోయింది. సూదయ్య కొడుకుని పిలిచి, "ఒరే కొండలూ, నేనొచ్చేలోగా ఆ మొలకని పీకెయ్" అని చెప్పి బయల్దేరాడు.

అలుగు తాత ఇంట్లో పువ్వు చూసి సూదయ్య తెల్లబోయాడు. మొక్కకి రెండు గుత్తులున్నాయి. పెద్దదాంట్లో ఎండిన కాడ ఉంది. పువ్వేమో చిన్నదాంట్లో పూసింది.

"తాతా, పెద్దది ఊరికే కూర్చుంటే చిన్నది పూసిందేమిటి?" అని అడిగాడు.

"ఒక గుత్తి ఒక్కసారే పూస్తుంది నాయనా. పూశాక పక్కన పిల్లని పెడుతుంది. ఆ తర్వాత పూయాల్సింది ఆ పిల్లే" అన్నాడు తాత.

"మరి పెద్దదాన్ని కోసెయ్యొచ్చుగా?"

"అయ్యో, కోస్తే ఎలా? ఆ ఆకుల బలంతోనేగా పిల్ల పెరిగేది! దానంతటది ఎండేదాకా ఉండనివ్వాలి."

సూదయ్య చేతిలోంచి తేనె దొప్ప జారిపోయింది. "నిరుడు నా కూతురి పువ్వుని నేనే గిల్లేశాను తాతా! ఇవాళ ఇంకోదాన్ని పీకెయ్యమని నా కొడుక్కి చెప్పొచ్చాను!" అంటూ ఒకటే పరుగు. వాలు మీద కాలుజారి దొర్లాడు. అడవిలో రాలిన ఆకులన్నీ అతని ముళ్లకే గుచ్చుకున్నాయి. అయినా ఆగలేదు.

గుమ్మంలో ఏం చూశాడో తెలుసా? కూతురు వెదురు గొట్టానికి అడ్డంగా కూర్చుంది. ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. కొండలు దూరంగా నిలబడి ముక్కు తడుముకుంటున్నాడు.

"చూడు నాన్నా, ముక్కు మీద గుచ్చింది! పీకనివ్వట్లేదు!" అన్నాడు కొండలు.

"పీకనివ్వను! ఇదింకా చిన్నది. దీనికీ నాలాగే పేరు లేదు. ముట్టుకున్నావంటే నిన్నూ గుచ్చుతాను నాన్నా!" అంది కూతురు.

సూదయ్యకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "గుచ్చు తల్లీ, బాగా గుచ్చు. తప్పంతా నాదే" అని కూతురి పక్కనే చతికిలబడ్డాడు.

ఆ రోజునుంచి సూదయ్య బుద్ధిగా ఉన్నాడు. మొక్కని నీడలోంచి కదపలేదు. పొద్దున్నే గుత్తి నడుమ పడకుండా వేళ్లకి మాత్రమే కాసిని నీళ్లు పోశాడు. రెండు వానాకాలాలు గడిచాయి. మొలక గుత్తయింది. చలికాలంలో గుత్తి మధ్య మొగ్గ కనపడింది. విప్పి చూద్దామని సూదయ్య చేయి చాపితే ఈనమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

ఒక ఉదయం పువ్వు విచ్చుకుంది! పసుపు మీద ఎర్రటి చుక్కలు. అడవంతా పరుగెత్తుకొచ్చింది. సూదయ్య బోలులోకి వంగాడు. ఆనందంతో ఎర్ర చుక్కలు లెక్కపెట్టసాగాడు. కూతురు అతని తోక పట్టి గుంజింది.

"మొలక!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. "మొలకా!" అని పిలిచాడు సూదయ్య. ఆ పిల్ల వినపడనట్టు ఎటో చూసింది. "మొలకా!" అని మళ్లీ పిలిచాడు. అయినా పలకలేదు.

"ఏమ్మా, వినపడలేదా?" అన్నాడు సూదయ్య కంగారుగా.

"మొదటిసారే వినపడింది నాన్నా" అంది మొలక, నవ్వు ఆపుకోలేక. "ఇంకోసారి పిలువు!"

నీతి: ఒకసారి పూసినదాన్నే మళ్లీ పూయమని వేధించకండి, దాని పక్కన మొలిచే చిన్నదాన్ని ఎదగనివ్వండి.