టిక్కుటిక్కుమన్న డిస్క్

రామశేషుగారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. లెక్కల మేష్టారుగా రిటైరయ్యాక రాజమండ్రిలో ఆదివారాలు గీత చెబుతుండేవారు. దోహాలో పిల్లల్ని పెంచుతున్న వైదేహి, వాళ్లను భర్త దగ్గర వదిలి వారం రోజుల కోసం వచ్చి, ఆయన్ని అడిగింది: "మేష్టారూ, పిల్లల మీద నాది శ్రద్ధో భయమో నాకే తెలియడం లేదు. రెంటికీ తేడా ఎక్కడ?"

"ఆ సంచిలో ఏమిటమ్మా?" అన్నారాయన.

హార్డ్ డిస్క్. పిల్లలు పుట్టినప్పటినుంచీ తీసిన ఫొటోలు, వీడియోలు అన్నీ అందులోనే. ఒక్కచోట ఉంటేనే భద్రమని ఇంకెక్కడా పెట్టలేదు. నెల కిందట టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టి, మొన్న పూర్తిగా ఆగిపోయింది.

"పద," అని ఆయన తన పాత శిష్యుడు మస్తాన్ రిపేరు కొట్టుకు తీసుకెళ్లారు.

"వీడు లెక్కల్లో ముప్పై అయిదు దాటలేదమ్మా."

"నిమిషానికోసారి నా నోటుబుక్కులోకి తొంగిచూస్తే ఎలా దాటతానండీ," అంటూ మస్తాన్ డిస్క్ అందుకున్నాడు. "చప్పుడొచ్చాక ఎన్నిసార్లు పెట్టి చూశారమ్మా?"

వైదేహి చిన్న విషయానికైనా అబద్ధమాడదు. "రోజూ. ఒక్కోనాడు రెండుసార్లు. పోయిందేమోనని."

"అప్పటికి పోలేదండి. లోపల చదివే ముల్లు, ఫొటోలుండే రేకుకి తగులుతోందంతే. పెట్టినప్పుడల్లా ఇంకాస్త గీసుకుంది. నాలుగు రోజులు దీన్ని నాకొదిలెయ్యండి. మధ్యలో ఆపి చూపించమనకండి."

నాలుగోనాడు వెళ్లేసరికి దాదాపు అన్నీ కొత్త డిస్కులోకి వచ్చేశాయి. బాబు బోర్లా పడడం, అన్నప్రాశన, బుంగమూతితో అలగడం, అన్నీ. పాప తొలి అడుగుల వీడియో మాత్రం సగంలో నిలిచిపోయింది.

"దీన్నే ఎక్కువ తెరిచారా అమ్మా?" అన్నాడు మస్తాన్.

వైదేహి తలూపింది. డిస్క్ బాగుందో లేదో చూసుకోవడానికి ప్రతిసారీ తెరిచింది దాన్నే. అయినా ఉన్న సగాన్ని మళ్లీ చూసి, తేలికపడి నవ్వుకుంది. పాప మంచంకోడు వదిలేసి, ఎవరి సాయమూ లేకుండా నిలబడే ఉంది.

బయటికొచ్చాక మేష్టారు రెండు చెరుకురసాలు చెప్పారు. వైదేహి ఒక చేత్తో గ్లాసు అందుకుంటూనే, రెండో చేత్తో ఫోన్ తీసి దోహా నంబరు నొక్కబోయింది. పాప ఈ వారమే ఈతకు చేరింది మరి.

మేష్టారు గ్లాసు అంచుమీది ఈగను తోలుతూ, "పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారమ్మా?" అన్నారు.