గోడ మీద నూనె మరకలు

పూర్వం సింగవరం విద్యాపీఠంలో ఉత్తమ గురువుకు రాజే వచ్చి బంగారు కడియం తొడిగేవాడు. మా కాలేజీలో శాలువాతో సరిపెట్టారు, అది వేరే సంగతి.

ఒక ఏడు రాజు వచ్చినప్పుడు పెద్దాచార్యులు వామనశాస్త్రి, "ప్రభూ, నా తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. కడియం నాదే. పక్క తరగతిలో రోజూ గోల చేయించే కేశవయ్యను కొలువు నుంచి తీసేయండి" అన్నాడు.

గోడకు సున్నం వేస్తున్న పోలయ్య నిచ్చెన దిగాడు.

"దొరా, శాస్త్రి అయ్యోరి గదిలో గోడంతా పిల్లకాయల తలనూనె మరకలే. ఆనుకుని నిద్రపోతారు గదా! ఎన్ని పూతలేసినా పోవు. కేశవయ్య అయ్యోరి గదిలో గోడ తెల్లగానే ఉంటది. ముందుకు జరిగి జరిగి చాపలే చిరుగుతాయి."

రాజు రెండు గదులూ చూసి కేశవయ్యకు కడియం తొడిగాడు.

మర్నాడే శాస్త్రి తన శిష్యులందరికీ గుండ్లు కొట్టించాడు. గుండుకు గంధం పూయడం ఆచారం కదా. వారం తిరిగేసరికి ఆ గోడంతా గంధం మరకలు!