అడిగేవాళ్ళు

మద్దిలేటి ఆ పొద్దున కోపంతో ఊగిపోతూ గురువు దస్తగిరి ఇంటికి వచ్చాడు. కోపం రావలసిన రోజులే ఇవి. ఆ కోపం ఎవరి మీద రావాలో వాళ్ళ మీద వచ్చిందా లేదా అన్నదే సంగతి.

దస్తగిరి ఆదోనిలో ముప్ఫై నాలుగేళ్ళు విలేఖరిగా పనిచేసి, మూడేళ్ళ కిందట మానేశాడు. మద్దిలేటి ఆయన వెంట తిరిగి పని నేర్చుకున్నవాడు. పదకొండేళ్ళు ఒక పేపర్లో చేశాడు. ఆ పేపరు వాళ్ళు జిల్లా పేజీలు తగ్గించారు, తర్వాత మనుషుల్ని తగ్గించారు, ఒకరోజు ఫోన్ చేసి రేపటినుంచి రావద్దన్నారు. ఇప్పుడు ఒక యూట్యూబ్ చానల్లో వార్తలు తనే రాసి తనే చదువుతాడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే వెనక అతని గొంతు వినిపిస్తుంది. మనిషి కనిపించడు. గొంతు మాత్రం గట్టిది, ఎక్కడ ఆపాలో ఎక్కడ లేపాలో తెలిసిన గొంతు. రోజుకు పన్నెండు వార్తలు చదవాలి.

ఆదివారం విలేఖరుల సంఘం సభ ఉంది. విలేఖరి వృత్తికి గౌరవం పోతోందన్నది విషయం. దానికి అధ్యక్షుడిగా రమ్మని పిలవడానికే మద్దిలేటి వచ్చాడు.

"మీరు రావాల సార్. మన పనిని ఎట్ల నాశనం చేసినారో నాలుగు మాటలు చెప్పాల."

"ఎవరు చేసినారప్పా?"

అంతే, మద్దిలేటి అందుకున్నాడు. ఓనర్లు చేశారన్నాడు. వాళ్ళకు వార్త కంటే చీరల దుకాణం ప్రారంభోత్సవమే ముఖ్యమన్నాడు. చేతిలో ఫోనూ, ఊళ్ళో ఎవరికీ తెలియని చానల్ లోగో ఉన్న మైకూ ఉంటే చాలు, ప్రతివాడూ విలేఖరి అయిపోతున్నాడన్నాడు. చివరికి జనం మీద పడ్డాడు.

"పత్తి రైతుల మీద మూడు దినాలు ఎండలో తిరిగి చేస్తి సార్. నాలుగొందల మంది చూసినారు. ఎవని పెండ్లామో మొగుణ్ణి చంపింది అంటే నాలుగు లక్షల మంది చూస్తారు. ఈ జనానికి అదే కావాల. మనమేం చేస్తాం?"

దస్తగిరి కూడా తక్కువ కోపిష్టి కాదు. ఒకసారి నిండు సమావేశంలో పెద్ద అధికారి ఇచ్చిన ప్రెస్‌నోటును నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాడు. అలాంటి మనిషి ఆ పొద్దున తల ఊపకుండా, కాదనకుండా విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"తప్పు వార్త పోతే మీ చానల్లో ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం సార్, రెండు దినాలైతే జనమే మరిచిపోతారు. పేపర్లో అయితే సవరణ అని మూలకు రెండు లైన్లు వేస్తుంటిమి. ఇక్కడ దానికి టైమేది?"

"టిఫిన్ తిన్యావా?"

"లేదు సార్."

"పా."

బస్టాండు వెనక సందులో ఒక ఉగ్గాని బండి ఉంది. పైన నీలం పట్ట, కింద రెండు బెంచీలు. నలభై ఏళ్ళుంటాయేమో, ఒకామె తడిపిన బొరుగుల్ని గుప్పిళ్ళతో పిండి బాణలిలో వేస్తోంది. దస్తగిరిని చూసి తల వంచి పలకరించింది. వెనక ఉన్నతన్ని చూడలేదు. రెండు ప్లేట్లలో ఉగ్గాని పెట్టి, మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చి మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

మద్దిలేటి ఒక ముద్ద తిని మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకప్పుడు విలేఖరి వస్తున్నాడంటే ఊరు లేచి నిలబడేదన్నాడు. ఇప్పుడు టీ బంకు దగ్గర కూడా ఎగతాళి చేస్తున్నారన్నాడు. పత్తి రైతులకు నాలుగొందల మంది, మొగుణ్ణి చంపిన పెండ్లానికి నాలుగు లక్షల మంది అని మళ్ళీ లెక్క చెప్పాడు. మాట్లాడేకొద్దీ గొంతు పెరిగింది. పెరిగేకొద్దీ అది చానల్లో వినిపించే గొంతయింది.

బాణలిలో గరిటె ఆగింది. ఆమె వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

"నీ గొంతు నాకు తెలుసు నాయనా."

మద్దిలేటికి ముచ్చటేసింది. చూశారా అన్నట్టు గురువు వైపు ఒక చూపు చూసి, "మా వార్తలు చూస్తావామ్మా?" అన్నాడు.

"చూసేదాన్ని కాదు. చూపిచ్చినారు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా, చదవడం మొదలుపెట్టింది.

"కట్టుకున్న మొగుణ్ణి కడతేర్చిందా? చిన్నగోనెపాడులో ఆ పొద్దున ఏం జరిగింది? బడిలో అన్నం వండే ఉరుకుందమ్మ చుట్టూ ముసురుకుంటున్న అనుమానాలు. వీరేష్ మరణం వెనక ఉన్న చీకటి కోణం ఏమిటి?"

ఎక్కడా తడబడలేదు. అతను ఆగిన చోట ఆగింది, అతను లేపిన చోట లేపింది. అక్షరం రాని మనిషి అతని వార్త మొత్తం అప్పజెప్పింది. ఎన్నిసార్లు వింటే అలా వస్తుందో, విని ఊరుకున్నవాళ్ళకు తెలియదు. రేషన్ షాపు దగ్గర ఆమె వెళ్ళగానే ఎవరో ఒకరు ఫోన్ తీసి పెట్టేవాళ్ళు. బోరింగు దగ్గర పెట్టేవాళ్ళు. సొంత మరిది ఆమె గుమ్మం ముందే పెట్టాడు.

"ఉరుకుందమ్మను నేనే. మా ఆయప్ప పేరు ఈరన్న. వీరేష్ అంటివి. మోటరు కాడ కరెంటు కొట్టి సచ్చిపాయ. డాక్టరు అట్లే రాసిచ్చె. పోలీసోళ్ళు గూడా కేసేం లేదు పోమ్మా అనిరి. ఊళ్ళోవాళ్ళు మాత్రం నా చేతి కూడు పిల్లోళ్ళకు పెట్టొద్దనిరి. తొమ్మిదేండ్లు వండినా ఆ బడిలో."

మద్దిలేటి చేతిలో ముద్ద అలాగే ఉంది. చిన్నగోనెపాడు అనే ఊరి పేరు ఎక్కడో విన్నట్టుందని మాత్రమే అనిపించింది అతనికి. రోజుకు పన్నెండు చదివేవాడికి రెండు నెలల కిందటిది ఏం గుర్తుంటుంది?

"హెడ్మాస్టరు మంచోడే," అంది ఉరుకుందమ్మ. "ఆ వార్త తప్పని ఆ చానల్లోనే చెప్పించుకోని రా, సోమవారం దాకా చూస్తా, లేకుంటే వేరేవాళ్ళను పెట్టుకోవాల అనె. ఆ చానలు యాడుంటాదో నాకేం తెలుసు? మొన్న ఈ సారును గూడా అడిగితి. గొంతొకటే తెలుసు."

"అందరూ వేసినారమ్మా," అన్నాడు మద్దిలేటి. గొంతు సగానికి తగ్గింది. "మా ఒక్కరిదే కాదు. తొమ్మిది చానళ్ళలో వచ్చింది."

"తొమ్మిది మందిలో ఆ ఊరికి పోయిందెవరు?" అన్నాడు దస్తగిరి.

ఎవరూ పోలేదు. పోరు కూడా. ఆదోని విలేఖరులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరో ఒకరు పొద్దున్నే నాలుగు లైన్లు అందులో పడేస్తారు. మిగతావాళ్ళు హెడ్డింగు మార్చి వాడుకుంటారు. పడేసినవాడికి ఎవరో ఫోన్లో చెప్పి ఉంటారు. ఆ చెప్పినవాడికి ఈరన్న కుటుంబంతో పొలం గట్టు తగాదా ఉందో ఏమో ఎవరూ కనుక్కోరు. తొమ్మిది మందీ, మిగతా ఎనిమిది మందిలో ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారులే అనుకుంటారు. ఇలా చెయ్యమని ఏ ఓనరూ చెప్పలేదు. చీరల దుకాణమూ చెప్పలేదు. పేపర్లు బాగా నడిచిన రోజుల్లో కూడా ఫోన్ల మీద ఇదే చేశారు. ఇది తప్పని ఆదివారం సభలో ఒక్కడూ లేచి చెప్పడు.

"చంపింది అని నేను అనలేదు సార్," అన్నాడు మద్దిలేటి గురువు వైపు తిరిగి. "చంపిందా అని అడిగినా, అంతే."

దానికి ఉరుకుందమ్మ బదులిచ్చింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఆ రెండూ ఈ రెండు నెలల్లో అయిపోయాయి.

"నాలుగు లక్షల మందిని అడిగినావంట గదా నాయనా, ఇందాక నువ్వే చెప్తాంటివి. బండి మీద వస్తే మా ఊరు అర్ధ గంట. నన్ను అడిగింటే నేనే చెప్తుంటి గదా."

సందు చివర కర్నూలు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. మద్దిలేటి ప్లేటు కింద పెట్టాడు. పద్నాలుగేళ్ళలో మంత్రుల్ని అడిగాడు, ఎమ్మెల్యేల్ని అడిగాడు, ఒకసారి మైకు పెట్టి హంతకుణ్ణే అడిగాడు. ఇప్పుడు బెంచీ మీద నుంచి లేచి, ఎటు పోవాలో తెలియక, ఆమె పొయ్యి ముందు నేల మీద కూర్చున్నాడు. అలవాటుగా ఫోన్ తీశాడు. దాన్ని చూసి ఉరుకుందమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టేశాడు. తల ఎత్తలేదు.

దస్తగిరి చెయ్యి కడుక్కుని వచ్చి అతని వెనక నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి అతని భుజం మీదుగా ముందుకు చాచాడు. ప్రెస్‌నోటు చింపిన నాటి కోపం మొహంలో ఉంది.

"సిగ్గుపడేది తర్వాత పడుదువు లేప్పా," అన్నాడు. "సోమవారం దగ్గరికొచ్చింది. అడుగు."