పెట్టెలో ఉండిపోయిన సీత

చెప్పండి, ఏం చూశారు? రోజూ ఆ దారినే కదా పోయేది. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు వేలాడేసి, నేల చూస్తూ కూర్చున్న మనిషిని చూసే ఉంటారు. సోమరి అనుకున్నారా? తాగుబోతు అనుకున్నారా? తల నెరవకముందే ముసలాడైపోయాడని నవ్వుకున్నారా? నోరు తెరిచి చెప్పండి.

వన్నూరప్పను ఊరు ఈ మూడు మాటలూ అంది.

అతను తోలుబొమ్మలాట ఆడించేవాడు. ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో తెర కట్టి అతను గొంతెత్తితే, పిల్లల్ని చంకనేసుకుని జనం పరుగున వచ్చేవాళ్ళు. రామాయణమంతా నోటికే. కాగితం చూసి పాడి ఎరగడు. అట్లాంటివాడు ఒక ఆటలో సీత పాట ఎత్తి, మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి పాదం రాలేదు. తెర ముందు ఈలలు లేచాయి.

అప్పటికే అతని లోపల ఏదో ఆరిపోయి చాలా కాలమైంది. ఇంట్లో చావు లేదు, పగవాడు లేడు. "నీకేం తక్కువైంది?" అని ప్రతివాడూ అడిగాడు. అది తెలిస్తే చెప్పకపోయేవాడా! మొదట తిండి రుచి పోయింది. తర్వాత నిద్ర పోయింది. ఆ తర్వాత మాటలు పోయాయి. అంగడికి పోయి, ఏం తెమ్మన్నారో మరిచి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

భార్య సుంకమ్మ అనంతపురం తీసుకుపోయింది. డాక్టరు తలకు ఫోటో తీయించి చూశాడు. "ఇది కుంగుబాటమ్మా. ఏళ్ళ తరబడి వదిలేస్తే మనసుతో ఆగదు. మెదడు కూడా వయసుకు మించి ముసలిదైపోతుంది" అన్నాడు. మాత్రలు రాశాడు. ముందే రావాల్సింది అన్నాడు.

వన్నూరప్ప చెవిలో ఒక్క మాటే నిలిచింది. ముసలిది.

బొమ్మలాటవాళ్ళలో ఒక ఆచారముంది. బొమ్మ ముసలిదైపోతే చెత్తలో వెయ్యరు. పసుపు కుంకుమ పెట్టి, మనిషిని సాగనంపినట్టు ఏటికి వదులుతారు. దానికి గురువు సెలవు కావాలి. చిత్రావతి ఏటికి నీళ్ళొచ్చాయని విన్న పొద్దున, వన్నూరప్ప బొమ్మల పెట్టె నెత్తికెత్తుకుని, మేళం నడిపే గురువు ఖండేరావు ఇంటికి పోయాడు.

ఎనభై దాటిన ఖండేరావు నడవలో కూర్చుని బొమ్మ కోసం కత్తితో మేకతోలు గీకుతున్నాడు.

"ఏమిరా, పెండ్లికూతురి సారె మాదిరి నెత్తిన పెట్టుకొచ్చినావ్?"

"ఏటికి వదలాలయ్యా. సెలవియ్యి."

"ఏ బొమ్మని?"

"అన్నీ."

కత్తి ఆగింది.

"అన్నీ వదిలినాక నువ్వు యాడికి పోతావ్?"

వన్నూరప్ప చూపు ఏటి దిక్కుకు పోయింది.

ఖండేరావు ఆ చూపు వెంట చూశాడు. నెమ్మదిగా లేచి, పోయి గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"పెట్టె తెరువు."

మూత తీస్తే ముక్కిపోయిన వాసన. అన్నిటికన్నా పైన అశోకవనంలో సీత. పెళ్ళైన ఏడు వన్నూరప్ప తన చేత్తో కోసి, రంగులు వేసిన బొమ్మ. గురువు దాని చెయ్యి పట్టుకుని లేపాడు. మోచెయ్యి కీలు కాడ తోలు అప్పడంలా విరిగింది.

ఖండేరావు తన వెనక గోడకు వేలాడుతున్న రావణుణ్ణి తీశాడు. ఆయన తాత కోసిన బొమ్మ అది. చెయ్యి ఊపితే లేతాకులా వంగింది.

"ఏది ముసలిదిరా?"

"రావణుడు."

"ఏది విరిగింది?"

"సీత." వన్నూరప్ప విరిగిన ముక్కను అరచేతిలోకి తీసుకున్నాడు. "మూడు వానాకాలాలు పెట్టెలోనే ఉండిపాయ. మధ్యన తీయాల, గాలికి పెట్టాల, ఒకపూటన్నా ఆడించాల. నేను చేయలా. నా తలా అంతేనయ్యా. నేనే చేసుకున్నా. సోమరినై..."

"నోరు ముయ్!" ముసలాయన అరుపుకు వాకిట్లో కోళ్ళు చెదిరాయి. "సీత తనంతట తానే పోయి పెట్టెలో పండుకుని మూతేసుకునిందా?"

వన్నూరప్ప తలెత్తాడు.

జనం ఈలలు వేసిన ఆ ఆట అయిపోయినాక గురువు అతని భుజం తట్టి, "ఇంటికాడ ఉండు, నేను పిలుస్తా" అన్నాడు. పిలవలేదు. సీత పాట వేరేవాళ్ళు పాడారు. వన్నూరప్ప గోడకానుకుని ఆ పిలుపు కోసమే చూశాడు. చూసి చూసి, దేనికోసం చూస్తున్నాడో కూడా మరిచిపోయాడు.

ఇప్పుడతను గురువు ముఖంలోకి చూశాడు. గురువు చూపు కిందికి వాలిపోయింది.

ఖండేరావు గడప మీంచి జరిగి, శిష్యుడి వెనక, ఎడమ పక్కన చతికిలబడ్డాడు. అది వంతవాడు కూర్చునే చోటు. పాట ఎత్తేవాడు ముందుంటాడు. అతను పాడిన పాదాన్నే వంతవాడు తిరిగి పాడతాడు, ముందువాడికి ఊపిరి అందేదాకా. ఖండేరావు తన జన్మలో ఏ శిష్యుడికీ వంత పాడలేదు.

"ఎత్తు."

"రాదయ్యా."

"వచ్చినకాడికే ఎత్తు."

వన్నూరప్ప విరిగిన సీతను ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఎత్తాడు.

"ఎవ్వరొచ్చినారమ్మ నా చెంత కూర్చుండ..."

అంతే. రెండో పాదం లేదు. అది ఉండవలసిన చోట చీకటి.

ఖండేరావుకు ఆ పాదం తెలుసు. నేర్పినవాడే ఆయన. అయినా అందియ్యలేదు. మొదటి పాదాన్నే తన వణికే గొంతుతో తిరిగి పాడాడు. ఆగాడు. మళ్ళీ పాడాడు.

మొగుణ్ణి వెతుక్కుంటూ సుంకమ్మ పరుగున వచ్చింది. మాత్రలు కొంగున ముడేసుకుని ఉంది. పెట్టెను, విరిగిన బొమ్మను, ఇద్దరినీ చూసి వాకిట్లోనే నిలబడిపోయింది.

"వానికి మాత్ర ఇయ్యి తల్లీ. ఇచ్చి నువ్వూ ఈడ కూర్చో" అన్నాడు ఖండేరావు. "వంత ఒక గొంతుతో కాదు."

ఎండ నడవ దాటిపోయింది. రెండో పాదం రాలేదు. మర్నాడూ రాలేదు. సీత చెయ్యి అతకలేదు. పోయిన పాటల్లో చాలా భాగం పోయినట్టే ఉండిపోయింది. చిత్రావతి నీళ్ళింకి మళ్ళీ ఇసుకైపోయేదాకా పొద్దున్నే ఎవరో ఒకరు పోయి అతన్ని పిలుచుకొచ్చేవాళ్ళు. అతను వచ్చేవాడు, కూర్చునేవాడు, ఉన్న ఒక్క పాదం ఎత్తేవాడు. అంతకన్నా మంచి మాట చెప్పమంటే నా దగ్గర లేదు.

ఇప్పుడు చెప్పండి. మీ దారిలో గోడకానుకుని కూర్చున్నవాడు ఒక పాదం ఎత్తి ఆగిపోతే, రెండోది ఎన్నటికీ రాదని తెలిసి కూడా, వాడి పక్కన కూర్చుని వంత పాడేది ఎవరు?