పగడమ్మ మూయించిన చీలిక

అనగనగా ఒక అడవిలో... కాదు కాదు, అడవి కథలు మీరు చాలా విన్నారు. అనగనగా ఒక సముద్రం. దాని అడుగున ఒక కొండ. ఎప్పుడో నిప్పులు కక్కీ కక్కీ, అలిసిపోయి చల్లారిన కొండ అది. ఆ కొండ నెత్తి మీద పగడమ్మ ఉండేది.

పగడమ్మ చూడ్డానికి ఎర్రటి పొదలా ఉంటుంది. పుట్టిన బండకే అతుక్కుని బతకాలి. అడుగు తీసి అడుగు వేయలేదు. నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తుంది!

ఆవిడ ఒంట్లో బుల్లి బుల్లి నాచుమొక్కలు కాపురం ఉండేవి. ఎండ తగలగానే అవి వంట మొదలుపెట్టేవి. తాము తిని, పగడమ్మకూ పెట్టేవి. ఆవిడ రంగు కూడా వాటి చలవే. ఆవిడ మాత్రం, "నా రంగు చూశారా, నా రంగు!" అని మురిసిపోయేది.

ఆ కొండకు పగడమ్మ పక్కనే నిలువునా ఒక చీలిక ఉంది. అందులో ఒక మలుగుపాము తాత ఉండేవాడు. పాము కాదర్రా, పాములా పొడుగ్గా ఉండే చేప. చీలికలోంచి ఎప్పుడూ చల్లటి నీళ్లు పైకి వస్తుండేవి.

చలికాలం వచ్చింది. మొదటి రోజు పగడమ్మ వణికింది. రెండో రోజు వణుకుతూ తిట్టింది. మూడో రోజు ఇసకయ్యను పిలిచింది.

ఇసకయ్య ఒక చిలకచేప. చిలక ముక్కులాంటి నోటితో రాళ్లు కొరికి, నమిలి, వెనకనుంచి మెత్తటి ఇసుక వదిలేవాడు. నవ్వకండి, ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు.

"అల్లుడూ, ఈ చీలికను నీ ఇసుకతో పూడ్చెయ్యరా. చలికి చచ్చిపోతున్నా" అంది పగడమ్మ.

"అదెంత పని అత్తా!" అన్నాడు ఇసకయ్య.

మలుగు తాత తల బయటపెట్టాడు. "అమ్మాయ్, తొందరపడకు. ఈ చీలిక అవతల పెద్ద లోయ ఉంది. అక్కడి నీళ్లకు ఎండంటే ఏమిటో తెలీదు. అవి ఈ దారినే నీ దగ్గరికి వస్తాయి. కొండ ఊరికే చీలలేదే తల్లీ."

"నీ ఇల్లు పోతుందని నీ ఏడుపు! కొండ సంగతి నాకు చెబుతావా? దాని నెత్తి మీదే కూర్చున్నా" అంది పగడమ్మ.

తాత చీలిక వదిలి లోయవైపు వెళ్లిపోయాడు. ఇసకయ్య చుట్టాలందర్నీ పిలిచాడు. అందరూ కడుపునిండా రాళ్లు తిన్నారు. తర్వాత ఏం చేశారో నేను చెప్పను. చీలిక మాత్రం మూసుకుపోయింది.

"హమ్మయ్య, వెచ్చగా ఉంది!" అంది పగడమ్మ. చలికాలమంతా హాయిగా గడిచింది.

ఎండాకాలం వచ్చింది. చీలికలోంచి చల్లదనం రాక నీళ్లు ముందు వెచ్చబడ్డాయి, తర్వాత వేడెక్కాయి, ఆ తర్వాత కాగాయి. నాచుమొక్కలు మూటాముల్లె సర్దుకున్నాయి.

"ఎక్కడికర్రా?" అంది పగడమ్మ కంగారుగా.

"పొమ్మనలేక పొగబెట్టినట్టుంది నీ వరస. ఉడికిపోతున్నాం తల్లీ, ఉండలేం" అని అవి వెళ్లిపోయాయి.

వంట ఆగిపోయింది. రంగు పోయింది. పగడమ్మ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నోరు కూడా లేవలేదు. పారిపోదామంటే కాళ్లు లేవు. ఇలాగే ఉంటే ఆకలితో చచ్చిపోతానని తెలిసి, పాపం, భోరున ఏడ్చింది.

ఇసకయ్యకు గుండె తరుక్కుపోయింది. ఇసుక వదలడం వచ్చు గానీ తియ్యడం అతనికి రాదు. భయపడుతూనే చీకటి లోయలోకి దిగి, మలుగు తాత ముందు తల వంచాడు.

తాత వచ్చాడు. కింద నుంచి తలతో ఇసుకను పొడిచాడు. పైన ఇసకయ్య చుట్టాలు రెక్కలతో విసిరారు. మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం ఇసుకలోంచి తాత ముక్కు బయటికి వచ్చింది. వెనకే చల్లటి నీళ్లు.

"ఏమ్మా, వణుకు తగ్గిందా?" అన్నాడు తాత.

పగడమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. "తప్పయిపోయింది తాతా. నీ ఇంట్లోకి నువ్వు రా" అంది.

నాచుమొక్కలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రంగూ వచ్చింది. ఒక్క కొమ్మ మాత్రం తెల్లగా, ప్రాణం లేకుండా ఉండిపోయింది. పగడమ్మ దాన్ని చూసినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేది.

మళ్లీ చలికాలం వచ్చింది. చీలికలోంచి జివ్వుమని నీళ్లు వచ్చాయి. పగడమ్మ గజగజ వణికింది.

"అత్తా, చలిగా ఉందా?" అన్నాడు ఇసకయ్య.

"చ-చ-చలా? ఎ-ఎక్కడ్రా? హా-హాయిగా ఉంటేనూ!" అంది పగడమ్మ.

నీతి: కాళ్ల కింద నేల ఎందుకు అలా ఉందో తెలుసుకోకుండా దాన్ని మార్చకూడదు, ఈనాటి ఇబ్బందే రేపు మన ప్రాణం కాపాడొచ్చు.