బంకమన్ను తగిలితే ఆగాలి

పిల్లలూ, నేను ఇంతవరకు ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. నాలుగో తరగతితోనే నా చదువు అయిపోయింది. కథలు నోటితో చెప్పడమే అలవాటు. ఈ ఒక్కటీ కాగితం మీద పెడదామనిపించింది. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

అనగనగా ఒక ఎండు వాగు. వాగుకు అటూ ఇటూ అడవి. ఆ అడవిలో ఒక ముళ్ళపంది ఉండేది. పిల్లా పెద్దా అందరూ దాన్ని ముళ్ళత్త అనేవారు. ముళ్ళత్తకు సిగ్గెక్కువ. నలుగురున్న చోట నోరు పెగిలేది కాదు. పక్కన నిలబడితే తన ముళ్ళు ఎవరికి గుచ్చుకుంటాయోనని బారెడు దూరంలో, పొద చాటున నిలబడేది. తను వచ్చిందో రాలేదో కూడా చాలామందికి తెలిసేది కాదు.

కానీ ఎండాకాలంలో ఆ అడవి గొంతు తడిసేది ముళ్ళత్త చేతి చలవతోనే. వాగు ఎండగానే తను ఇసుకలో చెలమ తవ్వేది. చెలమంటే తెలుసుగా? ఇసుకలో గుంత తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. అదే చెలమ. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో వాళ్ళమ్మ నేర్పింది.

"ఇసుక తీసుకుంటూ పో తల్లీ. గోటికి జిగటగా బంకమన్ను తగలగానే చెయ్యి ఆపెయ్యి. ఆ బంకమన్నే నీళ్ళు నిలిపే గిన్నె. గిన్నెకు చిల్లు పెట్టుకుంటే గంజి నిలుస్తుందా?" అనేది వాళ్ళమ్మ.

ముళ్ళత్త ఆ మాట ఒక్కనాడూ మరవలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. అడిగితే కదా చెప్పడానికి.

ఆ అడవిలో ఏటా మోదుగులు పూసే రోజుల్లో ఒక పండగ జరిగేది. పొద్దున్నే అందరూ కలిసి ఎండుటాకులు ఊడ్చేవారు. కార్చిచ్చు వస్తే పాకకుండా వెడల్పాటి దారులు తీసేవారు. మధ్యాహ్నం తలా ఒక విద్య పిల్లలకు నేర్పేవారు. దుప్పి లచ్చమ్మ గాలి వాసన పట్టడం నేర్పేది. ఎలుగుబంటి తాత పుట్టకు చెవి ఆనించి, లోపల చెదలున్నాయో పామున్నదో కనిపెట్టడం నేర్పేవాడు. చివరికి అందరూ వరసగా చెలమకు వెళ్ళి, చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక, నీళ్ళు తాగి ఇళ్ళకు పోయేవారు. ముళ్ళత్తను మాత్రం నువ్వూ ఏదైనా నేర్పమని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు పండగ పెద్దరికం కొండముచ్చు కోటయ్యకు వచ్చింది. కోటయ్య మంచివాడే. కాకపోతే తాను దగ్గినా పది కొండలకు వినపడాలి. అందుకని పక్క కొండ వాళ్ళందరినీ పండగ రెండో రోజుకు పిలిచేశాడు.

మొదటి రోజు ఆకులు ఊడవడం కాగానే కోటయ్య చెలమ పక్కనున్న బండ మీదికెక్కాడు. రేపు చుట్టాలు వస్తున్నారన్నాడు. గంపెడంత గుంత దగ్గర వాళ్ళను ఒకరి వెనక ఒకరిని నిలబెడితే మన పరువేం కానన్నాడు. పొద్దు గూకే లోపల ఆ చెలమను ఏనుగు మునిగేంత లోతు తవ్వి, చెరువు చేసి పారెయ్యాలన్నాడు. అడవిపంది బంగారయ్య కోరలు బండకు నూరి, ఆ పని నాకొదిలెయ్యమన్నాడు. అందరూ చిందులేశారు.

పొద చాటున ముళ్ళత్త ఆ మాట వింది. అంత లోతు తవ్వితే అడుగున బంకమన్ను గిన్నె పగిలిపోతుంది. ఆ చెలమ పోతే మళ్ళీ నీళ్ళున్నది రెండు కొండల అవతల. పెద్దవాళ్ళు ఎలాగో పోతారు. లచ్చమ్మ పిల్ల పుట్టి ఐదు రోజులే అయింది. దాని కాళ్ళింకా వణుకుతున్నాయి. అది రెండు కొండలు ఎక్కలేదు. తల్లికి నీళ్ళు లేకపోతే దానికి పాలూ ఉండవు.

ముళ్ళత్త పొద దాటి ముందుకొచ్చింది. నోరు తెరిచింది. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఆ సందట్లో ఎవరూ ఇటు తిరగలేదు.

సరే, అందరికీ చెప్పలేకపోతే ఒక్కరికైనా చెబుదామని బంగారయ్య దగ్గరికి పోయింది. మెల్లగా చెవిలో చెప్పింది. బంగారయ్య పెద్దగా నవ్వాడు.

"అత్తా, మా వంశమే తవ్వే వంశం. పుట్టిన పందిపిల్లకు ఈత నేర్పినా నేర్పవచ్చు గానీ తవ్వడం నేర్పుతావా?" అన్నాడు.

కోటయ్య బండ మీద నుంచే అందుకున్నాడు. "ముళ్ళత్తకు మాటలు కూడా వచ్చన్నమాట. ఇన్నాళ్ళూ ముళ్ళే వచ్చనుకున్నాను" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ముళ్ళత్త వెనుదిరిగింది. పొద వైపు నాలుగడుగులు వేసింది కూడా.

అంతలో లచ్చమ్మ పిల్ల తల్లి పొదుగు కోసం తడుముకుంటూ కనిపించింది. ముళ్ళత్త కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగింది. చరచరా నడిచి పోయి చెలమ గట్టు మీద కూర్చుంది. ఒళ్ళు విదిలించి ముళ్ళన్నీ నిక్కబొడిచింది. ఎండలో ఆ ముళ్ళు గలగలమన్నాయి.

బంగారయ్య కోర ముందుకు పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"లే అత్తా, పొద్దు వాలుతోంది" అన్నాడు కోటయ్య.

"లేవను" అంది ముళ్ళత్త.

అందరూ ఇటు తిరిగారు. ఆ గొంతు అంత గట్టిదని ముళ్ళత్తకే తెలియదు. ఇక ఆపలేదు.

"ముందు అదుగో, ఆ వంపులో కుండంత గుంత తవ్వండి. నీళ్ళు ఊరనివ్వండి. తర్వాత అడుగున ఉన్న బంకమన్ను పగలగొట్టండి. అప్పుడూ నీళ్ళు నిలిస్తే ఈ చెలమను మీ ఇష్టం వచ్చినంత తవ్వుకోండి. ఇసుక నేనే మోస్తాను."

అదెంత పని అని బంగారయ్య వంపులోకి పోయాడు. పొడి ఇసుక పోయింది. తడి ఇసుక పోయింది. జిగట మన్ను తగిలింది. కాసేపటికి జానెడు నీళ్ళు ఊరాయి. తేటగా, చల్లగా ఉన్నాయి. బంగారయ్య అందరి వైపూ మీసం తిప్పినట్టు చూసి, అడుగున కోరతో ఒక్క పోటు పొడిచాడు.

గుటుక్కుమంది. నీళ్ళు సుడి తిరిగాయి. ఎవరో దొంగచాటుగా కింద నుంచి తాగేసినట్టు, చూస్తుండగానే గుంత ఖాళీ అయింది. బంగారయ్య మూతి దూర్చి చూశాడు. మూతికి ఇసుకే అంటింది.

బంగారయ్య తల వంచుకుని, "తవ్వడం మా వంశానిదే అత్తా. ఆపడం నీది" అన్నాడు.

కోటయ్య బండ దిగి కింద నిలబడ్డాడు. "మరి రేపు చుట్టాల ముందు పరువు?" అన్నాడు చిన్నగా.

"వరసలో నిలబడి తాగితే పరువు పోదు కోటయ్యా. ఎండిన నాలుకలతో వెనక్కి పంపితే పోతుంది" అంది ముళ్ళత్త. "మంది ఎక్కువైతే లోతుకు పోకూడదు. పక్కకు పోవాలి. ఇంకో రెండు చెలమలు తీద్దాం పదండి."

పొద్దు గూకే లోపల రెండు చెలమలు తయారయ్యాయి. ఎక్కడ తవ్వాలో ముళ్ళత్త చూపించింది. బంగారయ్య తవ్వాడు. "అత్తా, తగిలిందా? అత్తా, ఆపమంటావా?" అని అడుగడుక్కీ అడుగుతూ తవ్వాడు. ఇసుక మోసింది మాత్రం కోటయ్య.

మర్నాడు తెల్లవారగానే, చుట్టాలు ఇంకా రాకముందే, ముళ్ళత్త వాగులోకి వచ్చింది. పొద చాటుకు పోలేదు. పిల్లలందరినీ పిలిచి, ముళ్ళు తగలకుండా చుట్టూ కూర్చోబెట్టింది. చిన్న గుంత ఒకటి తీసింది. లచ్చమ్మ పిల్ల గిట్ట పట్టుకుని మెల్లగా బంకమన్ను మీద ఆనించింది.

"జిగటగా తగిలిందా? ఇదే గిన్నె. ఇక్కడ ఆగాలి" అని అందరికీ వినపడేట్టు చెప్పింది.

నీతి: తవ్వడం అందరికీ వచ్చు, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు సిగ్గు మాని నోరు విప్పితేనే నలుగురి గొంతు తడుస్తుంది.