సిద్ధక్క చేతికి గాజులు

ఓబులమ్మకి మనిషి చెయ్యి ముట్టుకోవాలంటే భయం పట్టుకుంది. గాజులు తొడిగే ఇంటి కోడలికి రాకూడని భయం అది.

విక్టోరియా రాణి ఏలే రోజులవి. కడప సీమలో ఒక సంత ఊరు. అంగడివీధిలో వాళ్ళది చిన్న గాజుల కొట్టు. ముందు కొట్టు, వెనక కాపురం. మొగుడు పెంచలయ్య తాళ్ళకి గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని పల్లెలు తిరిగేవాడు. కొట్టులో కూర్చుని వచ్చినవాళ్ళకి గాజులు తొడిగేది ఓబులమ్మే.

గాజు తొడగడమంటే చెయ్యి పట్టడమే. చేతికి కాస్త ఆముదం రాసి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపులు మెల్లగా నొక్కుతూ, మనిషిని మాటల్లో పెట్టి ఎక్కించాలి. అప్పుడే గాజు చిట్లదు.

పోయినేడు అమ్మవారు పోసి ఓబులమ్మ పెద్దబిడ్డ పోయింది. ఇప్పుడు ఉయ్యాలలో చంటిది ఉంది. ఈ ఏడు మళ్ళీ వీధిలో ఇంటింటికీ వేపమండలు వేలాడుతున్నాయి. టీకాలు వేసే మనిషి వస్తే ఊరంతా తలుపులు మూసుకుంది. ఓబులమ్మా మూసుకుంది. తర్వాత మూసుకున్నందుకూ భయపడింది.

పొద్దున లేస్తూనే బిడ్డ నుదురు తాకి చూసుకునేది. కొట్టులో చేట నిండా గాజులు పరిచి, తను గోడకి ఆనుకుని కూర్చునేది.

"మీరే తొడుక్కోండమ్మా."

వాళ్ళు తొడుక్కోబోతే గాజులు చిట్లేవి. కొత్త గాజు చేతిమీద చిట్లితే ఏ ఆడదాని మనసు ఊరుకుంటుంది? తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

"చేపలమ్మేదానికి నీసు పడనట్టుంది నీ యవ్వారం," అన్నాడు పెంచలయ్య.

"నువ్వు మొయ్యలేదు తొమ్మిది నెల్లు," అంది ఓబులమ్మ. ఆయన మలారం ఎత్తుకుని పల్లెలకి పోయాడు.

ఊరి బయట గుడిసెలో మల్లమ్మవ్వ అని ఒక ముసలావిడ ఉండేది. గొర్రెబొచ్చు వడుక్కుంటూ బతికేది. అడిగినవాళ్ళకి ఉపదేశం ఇచ్చేది. ఓబులమ్మకి గురువు ఆమె. చంటిదాన్ని చెంగులో చుట్టుకుని ఓబులమ్మ ఆమె దగ్గరికి పోయింది.

"అవ్వా, భయం పోయే మంత్రమేదన్నా చెప్పు."

"నా దగ్గర లేదే అమ్మీ."

"మరి నీకు భయం లేదు కదా?"

"నాకు ఉయ్యాల్లో బిడ్డ లేదు."

అవ్వ కదురు పక్కన పెట్టింది.

"రేపు సంత కదా. వస్తాలే," అంది.

సంతరోజు అంగడివీధి పలచగానే ఉంది. ఉన్నవాళ్ళు కూడా ఒకరికొకరు ఎడంగా నడుస్తున్నారు. మల్లమ్మవ్వ వచ్చి కొట్టు అరుగుమీద ఓ మూల కూర్చుంది.

ఎండ ఎక్కేవేళకి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురి పేరు సిద్ధక్క. పదహారేళ్ళు ఉంటాయేమో. కొంగు ముఖంమీదకి లాక్కుని ఉంది. గాలికి అది జారితే కనబడింది. మొహం నిండా మచ్చలు.

ఓబులమ్మ వెనక్కి జరిగింది.

"అమ్మవారు తగ్గి నీళ్ళు పోసి నెల దాటిందమ్మా," అంది తల్లి గబగబా. "మచ్చలే. ఇంకేం లేదు. రేపు అత్తగారింటివాళ్ళు తీసకపోను వస్తారు. ఒళ్ళు బాగలేనప్పుడు గాజులు తీసేస్తిమి, బోసిచేతుల్తో ఎట్లా పంపేది? పైవీధి కొట్టాయన మమ్మల్ని చూసి తలుపేసుకున్నాడు."

"చేటలో ఉన్నాయి. తీసుకోండి," అంది ఓబులమ్మ.

"మాకు తొడగడం రాదమ్మా. పని వచ్చినదాని చేత్తో తొడిగిస్తేనే కదా మంచిది."

ఓబులమ్మ లోపలికి చూసింది. ఉయ్యాల కదలకుండా ఉంది. చంటిది నిద్రపోతోంది. పోయినేడు పెద్దది కూడా అదే ఉయ్యాలలో ఇట్లాగే పడుకుంది. ఓబులమ్మ చేతులు రెండూ చంకల్లో పెట్టుకుంది.

సిద్ధక్క చెయ్యి చాపే ఉంది. వేళ్ళమీదా మచ్చలే.

మల్లమ్మవ్వ లేచి వచ్చి చేట ముందు కూర్చుంది. సిద్ధక్క చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఒక పచ్చ గాజు తీసి ఎక్కించబోయింది. కణుపు దగ్గరికి వచ్చి గాజు ఠప్పున విరిగింది.

ఎదురుగా తమలపాకులమ్మే కాశమ్మ నవ్వుతూ కేకేసింది. "అవ్వా! సన్నాసివి, నీకెందుకే గాజుల యాపారం?"

అవ్వ ఇంకోటి తీసింది. అదీ విరిగింది. సిద్ధక్క కణుపు మీద సన్నగా నెత్తురు పొడుచుకొచ్చింది. అవ్వ బొటనవేలితో దాన్ని తుడిచి ఇంకోటి తీసింది.

"వద్దమ్మా, వద్దు," అని తల్లి ఏడుపందుకుంది. "అత్తింటికి పోయే గాజులే ఇట్లా పగిలితే నా బిడ్డ కాపరం ఏమైపోవాల?"

సిద్ధక్క మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పళ్ళు బిగించి కూర్చుంది. అంతమంది ఎడంగా జరిగాక ఒకరు పట్టుకున్న చెయ్యి అది.

మూడోదీ విరిగింది.

మల్లమ్మవ్వ ముక్కలు ఏరి పక్కన పెట్టింది. ఓబులమ్మ వైపు చూసింది.

"నాకు భయం లేదే అమ్మీ," అంది. "అయినా గాజు నిలవడం లేదు."

కాశమ్మ కూడా నవ్వడం మానేసింది.

ఓబులమ్మ చేతులు చంకల్లోంచి తీసింది. ఆముదం గిన్నె అందుకుంటే ఒలికింది. సిద్ధక్క ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న క్షణం కళ్ళు మూసుకుంది. చిన్న చెయ్యి, చల్లగా ఉంది.

బొటనవేలు లోపలికి మడిచింది. కణుపులు నొక్కింది. ఏదో ఒక మాట మాట్లాడాలి. లేకపోతే పిల్ల చెయ్యి బిగబడుతుంది.

"మీ అత్త మంచిదేనా?"

"తెలీదక్కా. పెళ్ళిలో చూసిందే."

"మొగుడో?"

సిద్ధక్క తలొంచుకుంది. "ఆయప్పా నన్ను అప్పుడు చూసిందే. ఇప్పుడు చూస్తే ఏమంటాడో."

మాట అయ్యేలోపు గాజు ఎక్కింది. పిల్లకి తెలియనే లేదు. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. రెండు చేతులూ నిండాయి. సిద్ధక్క చేతులు ఒకసారి కదిపి చప్పుడు విని, కొంగు సర్దుకోవడం మర్చిపోయి నవ్వింది. తల్లి ఓబులమ్మకి దండం పెట్టి కూతుర్ని తీసుకుని వెళ్ళింది.

వీధి మలుపు తిరిగేదాకా ఓబులమ్మ వాళ్ళనే చూసింది. వేడినీళ్ళతో, సున్నిపిండితో మోచేతులదాకా కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

లోపల బిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టింది.

ఓబులమ్మ ఉయ్యాల దగ్గరికి పోయి ఆగిపోయింది. చేతులు చాపింది. బిడ్డని ముట్టుకునే ధైర్యం రాలేదు. మల్లమ్మవ్వ గడపలోనే నిలబడింది. బిడ్డని తీయడానికి ముందుకు రాలేదు.

"అవ్వా," అంది ఓబులమ్మ. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "నా భయం పోలేదవ్వా. అట్లనే ఉంది."

"ఉండనీ," అంది మల్లమ్మవ్వ. "బిడ్డకి ఆకలైతాంది. పాలియ్యి."